ఇసుకపలక నుండి అంగన్‌వాడి వరకు

గ్రంథాలయమున కూర్చుండి పత్రిక చదువు పెద్దమనుష్యుడు సయితము ఒకనాడు ఇసుకలో వ్రేలితో ఒకటి, రెండు దిద్దినవాడే. పెద్దల చదువును గూర్చి ఇట్టి రజతోత్సవ సంచికలలో పలువురు వ్రాయుదురు. దానికి పునాదియగు శిశువిద్యను గూర్చి, అందును లెక్కల చదువును గూర్చి, మన మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల చరిత్ర చెప్పునదేమో ఒకింత విచారింతము.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని దేశీయ పాఠశాలల వివరములు పంపవలసినదని కలెక్టర్ల నాజ్ఞాపించెను. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలోనిది. పుంగనూరు, కుప్పము ఉత్తర ఆర్కాటులోనివి. ఈ మూడును చిత్తూరు జిల్లాలో చేరినది 1911లో. 1826 నాటి మన్రో నివేదిక ప్రకారము రాజధాని మొత్తమున 12,498 బడులు, సుమారు 1,88,000 మంది విద్యార్థులు ఉండిరి. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో వీధిబడి పద్ధతిని వర్ణించుచు రెండు విషయములను మెచ్చుకొనెను: ఇసుకలో వ్రాయించుటచే ఖర్చు లేకపోవుట, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుచు తామును పాఠమును స్థిరపరచుకొనుట. ఈ పద్ధతినే మద్రాసు ఎగ్మూరు అనాథాలయమున ఆండ్రూ బెల్ అవలంబించి, 1797లో ఇంగ్లండున గ్రంథముగా ప్రకటించెను. మన తిన్నెబడి సీమకు గురువైనదనుట అతిశయోక్తి కాదు.

అయినను లోపములను దాచరాదు. ఎక్కములు కంఠస్థమగుచుండెను గాని, ఏడెనిమిదులు ఏబదియారు ఎట్లయ్యెనో పిల్లవాని కెవరును చూపలేదు. తప్పినవానికి బెత్తము, కోదండము సిద్ధముగా నుండెను. ఆడపిల్లలు బడిలో మిక్కిలి అరుదు. అంటరానివారని దూరముంచబడిన కులముల బిడ్డలకు తిన్నె యెక్కు భాగ్యమే లేదు. ఐదేండ్లకు లోపలి శిశువు ఏ బడి లెక్కలోనికిని రాలేదు.

ఆ శిశువునకు బడి ఇల్లే, గురువు అవ్వయే. వామనగుంటలలో చింతపిక్కలు పంచునప్పుడు ఒక్కొక్క గుంటకు ఒక్కొక్క పిక్క వేయుట, ఖాళీ గుంటను గుర్తించుట, ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అని తేల్చుట, ఇవన్నియు గణితమే. అచ్చనగాయలలో ఒకటి ఎగురవేసి రెండు తీయుటయు గణితమే. అయితే కూలికి పోవు తల్లి బిడ్డకు ఈ ఆటలైన నేర్పువారు కరవైరి.

1907లో రోము నగరమున అట్టి పేదతల్లుల బిడ్డలకై మేరియా మాంటిసోరి శిశుగృహము తెరచెను. దివ్యజ్ఞాన సమాజము ఆహ్వానింపగా ఆమె 1939లో అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మొసగెను. ఆ సమాజమునకు అధ్యక్షురాలుగా నుండిన అనీ బిసెంటే 1915లో మదనపల్లె కళాశాలను నెలకొల్పినది. మాంటిసోరి పద్ధతిలో పది సంఖ్యాకడ్డీలుండును; మొదటిది పది సెంటీమీటర్లు, పదవది ఒక మీటరు. శిశువు వానిని మోసి, వరుసగా పేర్చి, పది యన నెంతో చేతులతో తెలిసికొనును. అంకె పేరు తరువాత వచ్చును. మన పుంగనూరు ఆవు ఎత్తు సాధారణముగా ఆ పెద్దకడ్డీకి లోపే! కొలుచుట నేర్పుటకు మన పశువులకొట్టము కూడ పాఠశాల కాగలదు.

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి స్ఫూర్తితో వెలసిన ఋషివ్యాలీ సంస్థ పరిసర పల్లెల బిడ్డలకై చిన్న బడులు తెరచెను. అందు తరగతుల గోడలు లేవు. పాఠమును చిన్నచిన్న మెట్లుగా విభజించి నిచ్చెన పటముగా గోడకు వ్రేలాడదీయుదురు. ప్రతి శిశువు తన మెట్టు తానే గుర్తించి, దానికి తగిన కార్డు తీసికొని, తన వేగముతో నెక్కును. వెనుకబడినవాడను సిగ్గు లేదు. 2003లో మద్రాసు కార్పొరేషను ఉపాధ్యాయులు ఇచ్చటికి వచ్చి ఈ పద్ధతి నభ్యసించి, తమ బడులలో ప్రవేశపెట్టిరి.

కుప్పము చెంత గుడివంకలో, 1999లో స్థాపితమైన అగస్త్య సంస్థ విజ్ఞానప్రాంగణమును నిర్మించెను. అచ్చట బాలబాలికలే పరికరములను చేతబట్టి తోడివారికి వివరింతురు. క్యాంబెల్ మెచ్చిన పాత తిన్నెబడి ధర్మమే, బెత్తమును విడిచి, మరల మనయెదుట నిలచినది.

1975 అక్టోబరు 2న దేశమున ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము అంగన్‌వాడిని పల్లెకు తెచ్చెను. బిడ్డను తూచుట, అన్నము పెట్టుట, ఆటతో నేర్పుట ఒక్క కప్పు క్రిందనే సాగవలెనని దాని ఆశయము. ఇది మిక్కిలి సమంజసము. ఆకలిగొన్న శిశువునకు అంకె యెక్కదు. భయపడిన శిశువు ఎక్కము చెప్పును గాని లెక్క యెరుగడు. 2020 నాటి జాతీయ విద్యావిధానమును మూడేండ్ల నుండి ఎనిమిదేండ్ల వరకు గల దశను విద్యకు పునాదిగా నంగీకరించెను.

అయినను విధానములు కాగితముపై నుండును. శిశువు మన వీధిలో నుండును. మూడేండ్ల బిడ్డను ముందు కూర్చుండబెట్టి "నూరు వరకు చెప్పు" అని బంధువుల యెదుట పరీక్షించుట మానుదము. ఐదు చింతపిక్కలు ముందుంచి, రెండు దాచి, "ఇంకెన్ని యున్నవి నాయనా?" అని యడుగుదము. అంగన్‌వాడి కార్యకర్తను అన్నము పెట్టు మనిషిగా మాత్రమే కాక, ఊరి మొదటి గురువుగా గౌరవింతము. మన గ్రంథాలయమున ఒక మూల చాప పరచి, బొమ్మల పుస్తకములు, గవ్వలు, పిక్కలు ఉంచినచో, రాబోవు స్వర్ణోత్సవమునకు పాఠకులు ఆ చాపమీదనే పెరుగుదురు.