పలకరాతి సీమలో స్ఫటిక ఛాయాచిత్రం: ప్రతులు, పాఠం, ప్రామాణ్యం

మార్కాపురం అనగానే బడిపలక గుర్తుకు వస్తుంది. 1970లో ఒంగోలు జిల్లా (1972 నుంచి ప్రకాశం) ఏర్పడేవరకు మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. విలియం కింగ్ 1872లో వెలువరించిన భూవిజ్ఞాన గ్రంథంలో ఇక్కడి రాళ్ళకు ‘కంభం పలకరాళ్ళు’ అనే పేరు స్థిరపడింది.

పలకరాయి పొరలుగా ఎందుకు చీలుతుందో 1853లో ఇంగ్లండు శాస్త్రవేత్త హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ వివరించాడు. రాతిని కాంతి దూరేంత పలుచగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూశాడు. ఒత్తిడికి సన్నని ఖనిజరేకులు ఒకే దిశకు తిరగడమే కారణమని తేల్చాడు. పలుచని ఛేదం చదునుగా ఉంటుంది కనుక అంతటా ఒకేసారి స్పష్టత సాధ్యమే. రాతిని కోసుకుపోయే తెల్లరాతి ఈనెల్లో, ఖాళీ దొరికినచోట నిక్కి పెరిగే స్ఫటికం సంగతి వేరు. దానికి లోతు ఉంది. పదిరెట్లు పెద్దదిగా చూపే కటకానికి ఒక్కసారికి స్పష్టంగా అందేది కొన్ని మైక్రాన్ల మందమే. రంధ్రాన్ని కుదిస్తే లోతు పెరుగుతుంది గాని, వివర్తనం వల్ల చిత్రమంతా మసకబారుతుంది.

1964లో డాన్ మెక్‌లాక్లన్ ఒక మార్గం ప్రతిపాదించాడు. పలుచని కాంతిపొర గుండా వస్తువును మెల్లగా కదుపుతూ, వెలిగిన భాగాన్ని మాత్రమే నమోదు చేయడం ఆ పద్ధతి. నేటి ఫోకస్ స్టాకింగ్‌లో ఆ పని కంప్యూటరుది. 5 మైక్రాన్ల చొప్పున జరుపుతూ 1 మిల్లీమీటరు లోతును చిత్రించాలంటే సుమారు 200 ఛాయాచిత్రాలు కావాలి. ఒక్కొక్క దానిలో స్పష్టమైన భాగాన్ని ఏరి సాఫ్ట్‌వేర్ ఒకే చిత్రంగా కూరుస్తుంది.

తెలుగు పరిశోధకులకు ఈ పని కొత్తది కాదు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులచేత తాళపత్రప్రతులను సరిపోల్పించి శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. ఫోకస్ స్టాకింగ్ కూడా ఒక పరిష్కరణే. అయితే పరిష్కర్త పాఠాంతరాలను అధోజ్ఞాపికలో చూపుతాడు, సాఫ్ట్‌వేర్ చూపదు. పారదర్శకమైన స్ఫటికంలో ముందు అంచూ, దాని గుండా కనిపించే వెనుక అంచూ రెండూ తీక్ష్ణంగానే ఉంటాయి. ఏది ఎంచుకోవాలో దానికి తెలియదు. ఫలితంగా లేని ముఖం పుట్టవచ్చు, ఉన్న అంచు చుట్టూ తెల్లని వలయం కనిపించవచ్చు. అందంగా ఉన్నదన్న కారణంతో అటువంటి చిత్రాన్ని ప్రమాణంగా స్వీకరించలేము.

ఇది కేవలం సాంకేతిక చర్చ కాదు. గనిలో వ్యర్థంగా పారవేసిన రాయి రేపు రోడ్డు కింద కంకర కావచ్చు. అప్పుడు ఆ స్ఫటికానికి చిత్రమే ఏకైక సాక్ష్యం. మన వ్యాసాల్లో శాసనాల ఛాయాచిత్రాలకే తరచూ కొలబద్ద కనిపించదు, స్ఫటికాలకు ఉంటుందని ఆశించడం కొంత అత్యాశే. అయినా రాయి దొరికిన చోటు, కొలబద్ద, చిత్రాల సంఖ్య, జరిపిన దూరం, కూర్చిన సాఫ్ట్‌వేర్ పేరు చిత్రం కిందనే ఉండాలి. కూర్పు పూర్తయింది కదా అని మూలచిత్రాలను చెరిపివేయకూడదు. తాళపత్రాలను అచ్చు వెలువడగానే ఎవరూ పొయ్యిలో వేయరు.