ఫొటోల పెట్టెకు కొత్త డిస్కులు

మా హాల్లో టీవీ వెనకాల ఒక నల్లపెట్టె ఉంది. మావారు దాన్ని "నాస్" అంటారు, నేను "ఫొటోల పెట్టె" అంటాను. ఇంట్లో ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ వైఫై మీద అందులోనే దాచుకుంటాయి. పిల్లల అన్నప్రాశనలు, అక్షరాభ్యాసాలు, మా అత్తయ్యగారు పాడిన మంగళహారతులు అన్నీ అక్కడే. అత్తయ్యగారు ఇప్పుడు లేరు, ఆ గొంతు మాత్రం ఉంది.

పదకొండేళ్ళ పెట్టె, కిందటి నెల నిండిపోయింది. లోపల 1 టీబీ డిస్కులు రెండు. ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ రాస్తుంది. 4 టీబీవి కొందామంటే, "ఈ పాతదానికి 2 టీబీ దాటితే కనపడదమ్మా" అన్నాడు మావాడు. ఎందుకలా అని తవ్వితే పెద్ద కథే బయటపడింది.

1956లో ఐబీఎం వాళ్ళు తయారుచేసిన మొదటి హార్డ్ డిస్కు రెండు ఫ్రిజ్‌లంత ఉండేదట. 24 అంగుళాల పళ్ళేలు 50. అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. ఇప్పటి ఫోన్ ఫొటో ఒకటి పడితే గొప్ప! 1983 నాటికి ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో 10 ఎంబీ డిస్కు వచ్చింది. డిస్కులో గడులను లెక్కపెట్టే పట్టిక అప్పటిదే. గడికి 512 బైట్లు, దాదాపు 429 కోట్ల గడుల దాకా లెక్క. గుణిస్తే 2 టీబీ. అంటే అప్పటి డిస్కుకు 2 లక్షల రెట్లు! పిల్ల పెరుగుతుందని లోపల మడతపెట్టి కుట్టించిన గౌనులాగా చాలా ముందుచూపుతోనే చేశారు. అయినా పిల్ల ఆ మడతనూ దాటి పెరిగింది. తర్వాత కొత్త పట్టిక వచ్చింది కానీ మా పెట్టెకు అది తెలియదు.

1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కట్జ్ అనే ముగ్గురు "రెయిడ్" గురించి రాశారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి బదులు చవకవి కొన్ని కలిపి వాడండి, ఒకటి పోయినా సమాచారం పోకుండా చూసుకోండి అని. చెడిపోదని నమ్మడం కాదు, చెడిపోతుందని ముందే ఒప్పుకోవడం.

2 టీబీవి రెండు తెప్పించాం. "రెండు కాపీలున్నాయిగా, ఒకటి తీసెయ్యమ్మా" అన్నాడు వాడు. నాకు మనసొప్పలేదు. ముందు అన్నీ వేరే డిస్కులోకి ఎక్కించాను, రాత్రంతా పట్టింది. పొద్దున పాతది ఒకటి తీసి కొత్తది పెట్టాం. మిగిలిన పాతది తనలో ఉన్నదంతా కొత్తదాంట్లోకి రాయాలి. సగంలో టిక్ టిక్‌మని ఆగిపోయింది. రెండూ ఒకే రోజు కొన్నవి, ఒకే వయసువి. ఒకటి అలిసిపోతే రెండోది మాత్రం ఎన్నాళ్ళుంటుంది?

ఆ రాత్రి చేసిన కాపీయే మమ్మల్ని కాపాడింది. కొత్త డిస్కులు రెండూ పెట్టి, అందులోంచి అన్నీ తిరిగి ఎక్కించుకున్నాం. మొదట తెరిచింది మంగళహారతే. ఆ కాపీ ఉన్న డిస్కును ఇప్పుడు మా అమ్మవాళ్ళింట్లో, అమ్మ బీరువాలో పట్టుచీరల మధ్య దాచాను.

మీ ఇంట్లోనూ పాత పెట్టె ఉంటే, స్క్రూడ్రైవర్ పట్టేముందు ఒక రాత్రి కాపీకి కేటాయించండి.