షిక్రా, బెస్రా: వేటడేగలు, ధర్మశాస్త్రం

కృష్ణానది కుడిగట్టున, నేటి బాపట్ల జిల్లా రేపల్లె మండలంలో ఉన్న పెనుమూడి వంటి డెల్టా గ్రామాలలో చేలగట్ల చెట్లపై కనిపించే చిన్న డేగ సాధారణంగా షిక్రాయే. దానికి దగ్గరి చుట్టమైన బెస్రా అడవిపక్షి; చెట్ల నీడ విడిచి తరచు బయటికి రాదు. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ 1862–64లో వెలువరించిన భారత పక్షుల గ్రంథంలో మొదటిదానికి జాలెడేగ అనీ, రెండవదానికి వైష్టప డేగ అనీ తెలుగు పేర్లు నమోదు చేశాడు.

పోలికలు ఎంత దగ్గరివంటే అనుభవజ్ఞులు సైతం పొరబడతారు. షిక్రా గొంతుపై నిలువుచార సన్నగా, మసకగా ఉంటుంది. బెస్రాకు స్ఫుటంగా, నల్లగా ఉంటుంది. షిక్రా కాలివేళ్లు పొట్టివి. బెస్రా కాళ్లు సన్నవి, నడిమివేలు బాగా పొడవు. ఎగిరే పిట్టను అందుకొనడానికి ఆ వేలు అనువైనది. షిక్రాయో, తొండలు, ఎలుకలు, మిడతలతోనూ సరిపెట్టుకుంటుంది. సులభంగా దొరికేది, త్వరగా మచ్చికయ్యేది గనుక సామాన్య వేటగాని చేతిపై ఎక్కువగా నిలిచింది అదే. అక్బరు చక్రవర్తికి మాత్రం వీటి బంధువైన బాషా అంటే మక్కువ అని అబుల్ ఫజల్ వ్రాశాడు. డేగలను పెంచేవారు ఆడ, మగలకు సైతం వేరు పేర్లు పెట్టారు: మగ షిక్రా చిపక్, మగ బెస్రా ధోతి.

ఇంత సూక్ష్మంగా జాతులను వేరుచేసిన ఈ విద్యను ఫుఖహాలు మరొక దృష్టితో చూశారు. పంజాతో వేటాడే పక్షి మాంసం నిషిద్ధమని హదీసు. కాని శిక్షణ పొందిన జంతువు పట్టి తెచ్చిన వేట ధర్మసమ్మతమని సూరె మాయిదా 4వ ఆయత్ తెలుపుతున్నది. అల్లాహ్ నామాన్ని స్మరించాలి. అక్కడ జాతి ప్రశ్న లేదు, శిక్షణే ప్రశ్న. మరి శిక్షణకు గుర్తేమిటి? వేటకుక్క తాను పట్టినదానిలో కొంత తింటే అది తనకోసమే పట్టుకున్నదనీ, దానిని తినరాదనీ అదీ బిన్ హాతిం (రజి) ఉల్లేఖించిన హదీసు. ఈ నియమం డేగకూ వర్తిస్తుందా? షాఫయీల ప్రబలాభిప్రాయం ప్రకారం వర్తిస్తుంది. హనఫీలు ఒప్పుకోలేదు. 1197లో మరణించిన మర్గీనానీ తన హిదాయాలో చెప్పిన కారణం గమనింపదగినది: కుక్కను కొట్టి తినడం మాన్పించవచ్చు, డేగ శరీరం దెబ్బకు ఆగదు. మనిషిని చూసి బెదరి పోవడం దాని స్వభావం గనుక, పిలవగానే తిరిగి రావడమే దాని శిక్షణకు నిదర్శనం. ఒక్కరోజైనా డేగను చేతిపై మోసినవాడు ఈ మాటను కేవలం పుస్తకజ్ఞానమనడు.

కనుక హనఫీ వేటగాని షిక్రా పూరేడుపిట్టను పట్టి రెండు ముక్కలు మింగినా మిగిలినది హలాలే. ప్రాణంతో చిక్కితే మాత్రం జబహ్ చేయవలసిందే. షాఫయీ వేటగాడు ఆ పిట్టను వదులుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక భారతదేశంలో డేగలను పట్టడం నేరమైంది గనుక ఈ మసాయిల్ ఇక్కడ గ్రంథాలలోనే మిగిలాయి. గల్ఫు దేశాలలో డేగవేట సాగుతూనే ఉన్నది, అక్కడ వాటి అవసరం తీరలేదు.