మారుతీ వ్యాను పక్క తలుపు

1984 చివర్లో గుర్‌గావ్ ఫ్యాక్టరీ నుంచి మారుతీ వ్యాను బయటికొచ్చింది. అంతకు ఏడాది ముందే, 1983 డిసెంబర్ 14న, మొదటి మారుతీ 800 తాళాలను ఇందిరా గాంధీ కొన్నాయన చేతికిచ్చారు. ఆ కారుకు పెట్టిన 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్‌నే వ్యానుకీ పెట్టారు, కాకపోతే ముందు సీట్ల కింద. జపాన్‌లో సుజుకి అమ్ముతున్న క్యారీ అనే చిన్న వ్యాను దీనికి మూలం. ముందు తలుపులు రెండూ మామూలు కార్లకు ఉన్నట్టే కీళ్ల మీద తిరిగేవి. వెనక తలుపులు మాత్రం రెండు పక్కలా వెనక్కి జరిగేవి. 1988లో కంపెనీ ఆ బండికి ఆమ్నీ అని పేరు మార్చినా, తెలుగు ఊళ్లలో చాలామందికి అది ఇప్పటికీ మారుతీ వ్యానే.

ఆ బండి గురించి రాసేవాళ్లు ఇంజన్ గురించి, ధర గురించి, సినిమాల్లో కిడ్నాపర్లు దాన్ని వాడుకున్న తీరు గురించి రాస్తారు. ముప్పై అయిదేళ్ల పాటు ఆ బండికి బతుకుతెరువు చూపించింది మాత్రం పక్క తలుపు. అన్నిటికన్నా ఎక్కువగా అరిగిందీ, మెకానిక్ దగ్గరికి ఎక్కువసార్లు నడిపించిందీ కూడా అదే.

జరిగే తలుపు రైల్వే గూడ్సు పెట్టెలకు పందొమ్మిదో శతాబ్దంలోనే ఉంది. ప్లాట్‌ఫారం నిండా సరుకు పేర్చి ఉన్నచోట, పక్క లైన్లో మరో పెట్టె ఆనుకున్నట్టు నిలబడ్డచోట, కీళ్ల తలుపు తెరవడానికి జాగా ఉండదు. అయితే గూడ్సు పెట్టె తలుపు గోడకు బయటే వేలాడుతుంది, మూసినా బయటే ఉంటుంది. నెమ్మదిగా పోయే పెట్టెకు అది చాలు. మనుషుల్ని ఎక్కించుకుని వానలో, గాలిలో పరిగెత్తే బండికి చాలదు. మూసినప్పుడు తలుపు బాడీతో సమంగా కూర్చోవాలి, రబ్బరు బీడింగ్‌ను నొక్కి పట్టాలి. తీసినప్పుడు అదే బాడీకి తగలకుండా వెనక్కి పోవాలి. వ్యాను తలుపు తయారుచేసినవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే వచ్చింది.

యూరప్ దీనికి రెండు దారుల్లో వచ్చింది. 1947లో పారిస్ మోటార్ ప్రదర్శనలో సిట్రోయెన్ కంపెనీ హెచ్ వ్యాను చూపించింది. మడతలు మడతలుగా ఉన్న రేకు బాడీ, కాలిబాట వైపు జరిగే తలుపు. ఫ్రాన్స్‌లో సంత వ్యాపారులకు, రొట్టెల బట్టీలవాళ్లకు, మాంసం కొట్లవాళ్లకు అది 1981 దాకా దొరికింది. జర్మనీలో ఫోక్స్‌వాగన్ వ్యాను 1950 మార్చిలో తయారీలోకి వచ్చినప్పుడు పక్కన రెండు రెక్కల కీళ్ల తలుపు ఉండేది. జరిగే తలుపు 1963లో, అదీ అడిగినవాళ్లకే, దొరకడం మొదలైంది. 1967లో రెండో తరం వ్యాను వచ్చేసరికి అది బండితోపాటే వచ్చే భాగమైపోయింది. ఇరుకు వీధిలో కాలిబాట పక్కన బండి ఆపి సరుకు దింపేవాడికి, నడిచేవాళ్ల దారికి అడ్డంగా నిలబడే రెండు రెక్కల కన్నా ఒక్క తోపుతో తప్పుకునే తలుపు మేలనిపించడంలో ఆశ్చర్యం లేదు. అదే వ్యానును కాంబీ పేరుతో తయారుచేసిన బ్రెజిల్‌లో మాత్రం కీళ్ల తలుపులే 1997 దాకా కొనసాగాయి.

ఇలాంటి తలుపుల్లో ఎక్కువ భాగం మూడు చానళ్ల మీద నడుస్తాయి. పైన, కప్పు అంచున ఒకటి. కింద, మెట్టు దగ్గర ఒకటి. మూడోది నడుమ ఎత్తులో, తలుపు వెనకున్న బాడీ రేకు మీద పొడుగ్గా బయటికి కనిపించే గాడి. తలుపు ముందు వైపు నుంచి పైకొకటి, కిందికొకటి చేతులు వెళ్తాయి. వెనక వైపు చెయ్యి నడిమి చానల్‌లో ఉంటుంది. ప్రతి చేతి చివరా రోలర్లు. పై రోలర్ పని తలుపు ఊగకుండా దారి చూపడం. బరువు మోసేవి కింది రోలరూ, నడిమి రోలరూ. మూడు చానళ్లూ ముందు కొసన లోపలికి వంపు తిరుగుతాయి. ఆ వంపులోకి రోలర్లు దిగినప్పుడు తలుపు లోపలికి జరిగి బాడీలో కూర్చుంటుంది. హ్యాండిల్ లాగితే వంపు దాటి ముందు బయటికొస్తుంది, ఆ తర్వాతే వెనక్కి పోతుంది. స్ప్రింగు, మోటారు, కరెంటు ఏదీ లేకుండా, వంచిన రేకూ నాలుగైదు చిన్న చక్రాలూ కలిసి ఇంత పని చేస్తాయి. ఇంత తక్కువ సామానుతో గూడ్సు పెట్టె తీర్చలేని చిక్కును తీర్చిన పనితనానికి దక్కాల్సినంత గౌరవం దక్కలేదు.

మన సందులకు ఆ తలుపు ఎందుకు కుదిరిందో కొలతలే చెబుతాయి. తర్వాతి రోజుల ఆమ్నీ పొడవు 3.37 మీటర్లు, వెడల్పు 1.41 మీటర్లు. పాతబస్తీ గల్లీలోనో, విజయవాడ వన్ టౌన్ సందులోనో అది దూరిందంటే ఇరుపక్కలా మిగిలేది కొంచెమే. కీళ్ల తలుపైతే సగం తెరుచుకుని గోడకు తగిలి ఆగిపోతుంది. జరిగే తలుపుకు అరచెయ్యి మందం జాగా ఉంటే చాలు. అందుకే అది బడి పిల్లల బండి అయింది, చిన్న ఆసుపత్రుల అంబులెన్స్ అయింది, పెళ్లి సామాన్లు మోసింది, క్యాటరింగ్ గిన్నెలు మోసింది. స్ట్రెచర్ ఎక్కించడానికి వెనక డోరు, పక్కన కూర్చునే మనిషి ఎక్కడానికి పక్క డోరు. టిఫిన్ బండిగా మార్చుకున్నవాళ్లకు ఆ పక్క డోరే కౌంటర్ అయింది.

ఇంత వాడకాన్ని ముందుగా భరించేది కింది చానల్. అది రోడ్డుకు అన్నిటికన్నా దగ్గర. ఎక్కే ప్రతి చెప్పు దుమ్ము దాని మీదే రాలుతుంది. వానాకాలంలో బురద చేరి, నీళ్లు పోవడానికి ఉన్న రంధ్రాలను మూసేస్తుంది. నిలిచిన నీటితో రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. విశాఖ, మచిలీపట్నం, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఆ మట్టిలో తిరిగే రోలర్ మొదట గరగరలాడుతుంది. కొన్నాళ్లకు తిరగడం మానేసి ఈడ్చుకుపోతుంది. ఈడ్చుకుపోయే రోలర్ ఒక పక్కే అరిగి చదునవుతుంది, ఇక అది చక్రం కాదు. బడి బండిలో రోజుకు ఎన్నిసార్లు తలుపు తీస్తారో, ఎంత బలంగా విసిరి వేస్తారో ఆ డ్రైవర్లను అడిగితే తెలుస్తుంది.

రోలర్ అరిగితే తలుపు కిందికి దిగుతుంది. ఏది అరిగిందో తెలుసుకోవడానికి అనుభవమున్న మేస్త్రీ ముందు ఏదీ విప్పడు. తలుపు మూసి, చుట్టూ ఉన్న సందును చూస్తాడు. ముందు మూల దిగితే కింది రోలర్ మీద అనుమానం, వెనక మూల దిగితే నడిమి రోలర్ మీద. తర్వాత తలుపు సగం తీసి, వెనక అంచును రెండు చేతులతో పైకెత్తి చూస్తాడు. ఎత్తితే ఆడుతోందంటే అరుగుదల ఎంతో అక్కడే తెలిసిపోతుంది. ఎత్తి వేస్తేనే పడుతోందని బండివాడు చెప్పే తలుపుకు చాలాసార్లు లాక్ బాగానే ఉంటుంది. తలుపే కిందికి దిగి, లాక్ నాలుక పిల్లర్ మీది కొక్కేనికి అందక తప్పిపోతూ ఉంటుంది. అది చూడకుండా కొక్కేన్నే కిందికి జరిపి సరిపెట్టేవాళ్లున్నారు. ఆరు నెలలు గడుస్తాయి, తలుపు ఇంకాస్త దిగుతుంది, మళ్లీ అదే కథ. ఈలోగా చానల్ అంచు వంగిపోతుంది.

సరిగ్గా పడని తలుపు చికాకుతో ఆగదు, ప్రాణం మీదికి తెస్తుంది. లాక్ పూర్తిగా పట్టని తలుపు బండి ముందుకు దూకినప్పుడు, గట్టు ఎక్కుతున్నప్పుడు దానంతటదే వెనక్కి జరుగుతుంది, అంటే తెరుచుకుంటుంది. తెరిచి ఉన్న తలుపును పట్టి ఉంచే కొక్కెం అరిగి ఉంటే, బ్రేకు వేసినప్పుడు తలుపు ముందుకు దూసుకొచ్చి వేళ్ల మీద పడుతుంది. పిల్లలు ఎక్కే బండికి ఈ రెండూ టైర్లంత ముఖ్యమని డ్రైవర్లందరికీ ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి.

బాగుచేసే పని ఒక్కరి చేతిలో అయ్యేది కాదు. నడిమి చానల్ వెనక కొసన ఉన్న మూత, స్టాపర్ విప్పి, తలుపును చివరిదాకా తోసి బయటికి తీయాలి. ఆ క్షణంలో తలుపు బరువంతా చేతుల మీద పడుతుంది కాబట్టి ఇద్దరుండాలి. ఆ తర్వాత కిరోసిన్, పాత బ్రష్షు. చానల్‌లో గట్టిపడ్డ నల్లటి ముద్దను గీకి తీస్తే, రేకు వంగిందా లేదా అప్పుడు కనిపిస్తుంది. వంగితే టింకరింగ్ మేస్త్రీకి పని. తుప్పు తినేస్తే ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి, రంధ్రాలు మళ్లీ తెరవాలి. కొత్త రోలర్లు ఎక్కించి, చేతుల బోల్టులు సగం బిగించి, తలుపు వేసి చూసి, ఎత్తూ లోతూ సరిచేసి, ఆఖర్న బిగిస్తారు. బోల్టు రంధ్రాలు పొడుగ్గా ఉండేది ఈ సర్దుబాటు కోసమే. కొక్కెం చోటు మార్చాల్సి వస్తే దాని వంతు అన్నిటికన్నా చివర.

గ్రీజు విషయంలో మాత్రం వర్క్‌షాపుల్లో పాత అలవాటు ఒకటి మారాలి. తలుపు బిగుసుకుంటే చానల్ నిండా గ్రీజు పూసేవాళ్లు చాలామంది. ఆ రోజు తలుపు వెన్నలా జారుతుంది. కానీ గ్రీజు దుమ్మును పట్టి ఉంచుతుంది, ఇసుకతో కలిసి రోలర్‌నూ చానల్‌నూ అరగదీస్తుంది. గ్రీజు ఉండాల్సింది రోలర్ తిరిగే పిన్ను దగ్గర, అదీ కొంచెం. చానల్‌ను శుభ్రంగా తుడిచి, పలచటి పూతతో వదిలేయాలి.

విడిభాగాలు దొరకనప్పుడు మనవాళ్లు వెతుక్కున్న దారులు కూడా ఈ చరిత్రలో భాగమే. విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాద్ పుత్లీబౌలి, రాణిగంజ్ కొట్లలో కంపెనీ సామానూ నకలు సామానూ పక్కపక్కనే ఉంటాయి. రెండూ లేకపోతే లేత్ షాపులో నైలాన్ కడ్డీని కొలతకు తిప్పించి రోలర్ చేయించుకోవచ్చు. ఇనుముతో చేయిస్తే ఇంకా ఎక్కువ కాలం వస్తుందని కొందరి వాదన. వస్తుంది, కానీ అప్పుడు అరిగేది చానల్. రోలర్ మార్చడం గంటల పని, చానల్ మార్చాలంటే బాడీ కోయాలి. మెత్తటి రోలర్ అరిగి చానల్‌ను కాపాడుతుంది. అసలు తయారీలో కూడా ఆ లెక్కే ఉంది.

2010లో ఈకో వచ్చింది, దానికీ జరిగే తలుపులే. ప్రమాదాల్లో ప్రయాణికుల భద్రతకు పెట్టిన కొత్త నిబంధనలను ఆమ్నీ పాత బాడీ అందుకోలేక, 2019లో దాని తయారీ ఆగింది. బ్రెజిల్ కాంబీ కూడా 2013 డిసెంబర్‌లో దాదాపు ఇదే కారణంతో ఆగిపోయింది, అక్కడ ఎయిర్‌బ్యాగులూ ఏబీఎస్ బ్రేకులూ తప్పనిసరి చేశారు. ఆ నిర్ణయాలు సరైనవే. అయితే తయారైన బండ్లు ఒక్కరోజులో మాయం కావు. సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో కార్లకు ఆ పొడిగింపు రుసుము 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. అంత కట్టి బండిని నిలుపుకున్నవాళ్లకు తలుపు రోలర్ ఖర్చు లెక్కలోకి రాదు, అయినా అదే అన్నిటికన్నా వెనకబడుతుంది.

ఆమ్నీ ఆగిన మరుసటి ఏడాది, 2020 ఫిబ్రవరిలో, కియా కార్నివాల్ మన మార్కెట్‌లోకి వచ్చింది. అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో బిగించిన బండి. బటన్ నొక్కితే మోటారు దాని పక్క తలుపును జరుపుతుంది, అడ్డం తగిలితే వెనక్కి తీసుకుంటుంది. ధరలో, హంగులో దానికీ మారుతీ వ్యానుకూ పోలికే లేదు. కానీ ఇలాంటి మోటారు తలుపులు కూడా చానళ్ల మీద, రోలర్ల మీద, కొసన వంపు మీదే నడుస్తాయి. అవి మధ్యలో ఆగిపోయాయని తీసుకొస్తే చేయాల్సిన మొదటి పని, మోటారు స్విచ్ ఆపి తలుపును చేత్తో తోసి చూడటం. చేతికీ బిగుతుగా తగిలితే వైరింగ్ జోలికి పోయేముందు కింది చానల్ తుడవాలి.