386 ఎవరిది?

ఒక అంకె మీద యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్న 1991లో అమెరికాలో కోర్టులో తేలింది. ‘386’ అన్న ప్రాసెసర్ పేరు తనదేనని ఇంటెల్ అంది. అంకె ఎవరి సొత్తూ కాదు, ఏఎండీ కూడా వాడుకోవచ్చని కోర్టు చెప్పింది. అందుకే 1993లో వచ్చిన చిప్‌కి ఇంటెల్ అంకె వదిలేసి, గ్రీకులో అయిదుకున్న మాట నుంచి ‘పెంటియం’ అని పేరు పెట్టుకుంది. సాహిత్యం చదువుకున్నదాన్ని, నన్ను ఈ చరిత్రలోకి లాగింది ఆ పేరే.

పేరు వెనుక అసలు తగాదా వేరు. 1981లో ఇంటెల్ ప్రాసెసర్‌తో పర్సనల్ కంప్యూటర్ తెచ్చిన ఐబీఎంకి ఒకే కంపెనీ మీద ఆధారపడడం ఇష్టం లేదు. అవే చిప్‌లు తయారుచేసే రెండో కంపెనీ ఉండాలంది. అలా 1982లో ఇంటెల్, ఏఎండీల మధ్య ఒప్పందం కుదిరింది. తీరా 1985లో 386 వచ్చాక దాన్ని ఏఎండీకి ఇవ్వనంది ఇంటెల్. 1992లో మధ్యవర్తి ఏఎండీకి కోటి డాలర్లూ, రాయల్టీ కట్టకుండా 386 పేటెంట్లు వాడుకునే హక్కూ ఇప్పించాడు. 1995లో రాజీ పడ్డారు. 2005లో ఏఎండీ గుత్తాధిపత్యం మీద మళ్ళీ దావా వేస్తే, 2009లో ఇంటెల్ 125 కోట్ల డాలర్లిచ్చి దాన్ని ముగించుకుంది.

ఈ దాయాదులిద్దరిదీ ఒకే పుట్టిల్లు. ఇంటెల్ పెట్టిన నాయిస్, మూర్, ఏఎండీ పెట్టిన శాండర్స్ అందరూ ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ నుంచి వచ్చినవాళ్ళే. ప్రాసెసర్‌కి ఆధారమైన ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ నాయిస్‌దా, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లోని కిల్బీదా అన్న పేటెంటు వివాదం ఏళ్ళ తరబడి నడిచింది. లోహాన్ని ‘పరచడం’ అంటే ‘అతుక్కుని ఉండడం’ అనే అర్థం వస్తుందా అని వాదించుకున్నారు. రాదన్న కోర్టు 1969లో నాయిస్ పక్షాన తీర్పిచ్చింది.

అదే 1969లో ఫెయిర్‌చైల్డ్ ఒక కరపుస్తకం అచ్చువేసింది. న్యూమెక్సికోలో నవాహో ఆదివాసుల నేల మీద, షిప్‌రాక్‌లో 1965 నుంచి నడుస్తున్న తన ఫ్యాక్టరీ గురించి. అక్కడ పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది నవాహో స్త్రీలు. మైక్రోస్కోపుల్లో చూస్తూ ట్రాన్సిస్టర్లూ సర్క్యూట్లూ కూర్చేవారు. తివాచీలు నేసే జాతి కాబట్టి ఈ పని వాళ్ళకి సహజంగానే అబ్బుతుందన్నది కరపుస్తకం ధోరణి. తివాచీ బొమ్మ కూడా వేశారు.

‘సహజం’ అన్న ఆ మాట దగ్గర ఆగిపోయాను. (కండెలు చుట్టే మన ఇళ్ళ ఆడవాళ్ళ పనీ ‘చేతివాటం’ కిందే పోతుంది కదా.) నాయిస్ తెలివిని సహజమని ఎవరూ అనలేదు, దాన్ని ఆవిష్కరణ అన్నారు. రెండు క్రియాపదాల తేడా తూచడానికి కోర్టుకి ఓపికుంది. పేటెంటు కాగితంలో ఆవిష్కర్త పేరుకి చోటుంది. కూర్చిన చేతుల ఊసే లేదు.

1975లో కంపెనీ కొందరిని పనిలోంచి తీసేసింది. అమెరికన్ ఇండియన్ ఉద్యమకారులు ఫ్యాక్టరీని ఆక్రమించుకున్నారు. వాళ్ళు ఖాళీ చేశాక ఫెయిర్‌చైల్డ్ షిప్‌రాక్‌లో తలుపులు మళ్ళీ తెరవలేదు.