వెయ్యి నెలలకు మిన్న.. షబే ఖదర్

రాత్రి షిఫ్టుల నడుమ జాగరణకు ప్రాధాన్యం

నానక్‌రామ్‌గూడ: రంజాన్ మాసంలో ముస్లింలు అత్యంత పవిత్రంగా భావించే రాత్రి షబే ఖదర్. అరబ్బీలో దీనిని లైలతుల్ ఖద్ర్ అంటారు. క్రీ.శ. 610లో మక్కా సమీపంలోని హీరా గుహలో మహమ్మద్ ప్రవక్తకు దివ్య ఖురాన్ అవతరణ ఈ రాత్రే ఆరంభమైందని విశ్వాసం. ఖురాన్‌లోని 97వ సూరా పూర్తిగా ఈ రాత్రి విశిష్టతకే సంబంధించినది. ఈ ఒక్క రాత్రి వెయ్యి నెలల కంటే, అనగా 83 సంవత్సరాల 4 నెలల కంటే శ్రేష్ఠమని అందులో ఉంది.

ఏ రాత్రి?

రంజాన్ చివరి పది రోజుల్లోని 21, 23, 25, 27, 29 బేసి రాత్రుల్లో దీనిని అన్వేషించాలని ప్రవక్త సూచించారు. తేదీని తెలిపేందుకు ఆయన బయటకు రాగా, ఇద్దరు వ్యక్తులు కలహించుకోవడంతో ఆ జ్ఞానం మరుగైందని హదీసులు పేర్కొంటున్నాయి. మన ప్రాంతంలో అధికులు 27వ రాత్రినే పాటిస్తారు. ఇస్లామీయ దినం సూర్యాస్తమయంతో మొదలవుతుంది గనుక 26వ ఉపవాసం విరమించిన సాయంత్రమే 27వ రాత్రి ప్రవేశిస్తుంది. రజబ్ 27వ రాత్రి వచ్చే షబే మేరాజ్, షాబాన్ 15వ రాత్రి వచ్చే షబే బరాత్ దీనికి భిన్నమైనవి.

విధులా.. ఆరాధనా?

రాత్రంతా నఫిల్ నమాజులు, ఖురాన్ పారాయణం, క్షమాభిక్ష కోరుతూ దువాలతో గడుపుతారు. కొందరు చివరి పది రోజులూ మసీదులోనే ఉండి ఏతెకాఫ్ పాటిస్తారు. అయితే అమెరికాలో పగలు ఇక్కడ రాత్రి కావడంతో ఐటీ కారిడార్‌లో అనేకులకు అదే పని వేళ. వారిని తీసుకెళ్లే డ్రైవర్లకు, కాపలాదారులకూ అంతే. 2025 రంజాన్‌లో ముస్లిం ప్రభుత్వోద్యోగులు సాయంత్రం 4 గంటలకే వెళ్లేందుకు తెలంగాణ ప్రభుత్వం అనుమతించింది. అది ప్రైవేటు సంస్థలకు వర్తించలేదు.

జాగరణకు మసీదుకే వెళ్లాలన్న నిబంధన లేదు. నఫిల్ నమాజులు, దువాలు ఎక్కడైనా చేయవచ్చు. ఇషా, ఫజ్ర్ నమాజులు రెండూ సామూహికంగా చేసిన వారికి రాత్రంతా నమాజు చేసిన పుణ్యం లభిస్తుందని హదీసు. షిఫ్టు మార్చుకోలేని వారికి ఇదే ఊరట.