టేకుచెట్టు - కొయ్యబూజు

ఒక వానకాలమున మా పాతయింటి వసారా దూలముపై చేయి వేసితిని. పైకి చెక్కుచెదరని ఆ దూలములోనికి వ్రేలు దిగిపోయెను. కొయ్యను నిర్మించెడి చెట్టును, దానిని విప్పివేసెడి బూజును పక్కపక్కన నిలిపి చూడవలెనని నాకు నాడే తోచినది.

టేకుచెట్టు ఎండను, గాలిని, నీటిని ఆహారముగా మార్చుకొనును. వానకాలమున తెల్లని చిన్నపూలు పూచి, కాచి, విత్తులు రాల్చును. పుట్టగొడుగుల జాతిదగు కొయ్యబూజునకు ఆకు లేదు, పూవు లేదు. నూలుపోగుకంటె సన్నని తంతువులతో కొయ్యలో జొచ్చి, రసములూర్చి, దానిని కరగించి పీల్చుకొనును. తడి లేనిచో దానికి బ్రతుకు లేదు.

ఈ యల్పప్రాణి మహారాజ్యములను సైతము కలవరపెట్టినది. నెపోలియనుతో పోరు సాగుచుండగా, 1810లో ఇంగ్లండునందలి డెప్టుఫర్డులో 'క్వీన్ షార్లటు' అను 104 ఫిరంగుల యుద్ధనౌకను నీట దింపిరి. ఆనాడు యుద్ధపుటవసరముచే చక్కగా ఆరని కలపను నౌకలకు వాడుట కలదు. ఈ నౌక శత్రువును చూడకమునుపే దాని కొయ్య కుళ్లనారంభించెను. 1812లో జేమ్సు సోవర్బీ యను ప్రకృతిశాస్త్రజ్ఞుని పిలిపించి, అందు మొలచిన శిలీంధ్రములను పరీక్ష చేయించిరి.

1817లో బొంబాయిలో జంషెడ్జీ బొమన్జీ వాడియా మలబారు టేకుతో 'ట్రింకోమలీ' యను నౌకను కట్టెను. టేకు చేవలోని నూనెవంటి పదార్థములు బూజును దరిజేరనీయవు. పెక్కు మరమ్మతులు పొందియు, ఆ నౌక నేటికిని ఇంగ్లండులోని హార్టిల్‌పూలున నీటిపై తేలుచున్నది.

అట్లని చెట్టు మిత్రము, బూజు శత్రువు అనుట న్యాయముగాదు. మలబారు టేకడవులను పలుచన చేసినది బూజు కాదు, నౌకలకై కలప గోరిన మనుష్యుని గొడ్డలి. ఆ కొరత తీర్చుటకే 1840 తరువాతి యేండ్లలో కలెక్టరు కొనొలీ, చాత్తు మేనోను నిలంబూరున టేకు నాటించిరి. అడవిలోనైతే బూజు కూలిన మ్రానును మట్టిలో కలిపి, రేపటి మొలకకు చోటిచ్చును. అది లేనిచో అడవి తన కట్టెలక్రిందనే పూడిపోవును.

నౌకలోనికి గాని, నా యింటిలోనికి గాని బూజును పిలిచినది మన అశ్రద్ధయే. కావున నేను దూలము మార్పించుటకు ముందు, కారుచున్న పెంకులను సరిచేయించితిని.